వేలికి పెట్టే ఆక్సీమీటరు: ఎవరి వేలి మీద ఎంత నమ్మాలి?

మందుల షాపులో దొరికే, వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ శాతం (శాచురేషన్) చూపించే పల్స్ ఆక్సీమీటరు గురించి ఈ సమీక్ష. ఏదో ఒక కంపెనీ సరుకు గురించి మాత్రమే రాసింది కాదు. రెండు చిన్న బ్యాటరీలతో నడిచే ఆ క్లిప్పులన్నిటికీ, ఆసుపత్రి మానిటరుకు వైరుతో వేలాడే ప్రోబుకు కూడా ఇది వర్తిస్తుంది. తీర్పు ముందే చెప్పేద్దాం. ఇంట్లో ఉంటే మంచిది, సబ్‌సెంటరులో ఉండి తీరాలి, వార్డులో అది లేనిదే పని నడవదు. కానీ దాని తెర మీద కనిపించే అంకెను అందరి వేళ్ల మీదా ఒకేలా నమ్మడానికి లేదు. నల్లటి చర్మం మీద, అదీ ఒంట్లో ఆక్సిజన్ పడిపోతున్న వేళ, ఉన్నదానికంటే ఎక్కువ చూపించే గుణం దానికి ఉంది. తప్పు ఎటువైపు జరుగుతోందో గమనించండి. తక్కువ చూపిస్తే కంగారుపడి ఆసుపత్రికి పరుగెడతాం, అక్కడ రక్తపరీక్షలో అసలు సంగతి తేలిపోతుంది. ఎక్కువ చూపిస్తే "శాచురేషన్ బాగానే ఉందమ్మా, ఇంటికెళ్లు" అంటారు. రెండో తప్పును పట్టుకునే అవకాశం చాలాసార్లు దొరకదు.

నర్సింగ్ కోర్సులో సామాజిక న్యాయం అనగానే విధానాలు, పథకాలు, హక్కుల గురించి చదువుతారు. ఆ న్యాయాన్యాయాలు అరచేతిలో ఇమిడే ఒక ప్లాస్టిక్ క్లిప్పులో ఎలా కూర్చుంటాయో తెలియాలంటే ముందు అది ఎలా పనిచేస్తుందో చూడాలి.

క్లిప్పు ఒక దవడలో రెండు ఎల్‌ఈడీలు ఉంటాయి. ఒకటి 660 నానోమీటర్ల ఎర్ర కాంతి, రెండోది కంటికి కనిపించని 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్. ఎదుటి దవడలో ఆ కాంతిని పట్టుకునే సెన్సరు. ఆక్సిజన్ మోస్తున్న హిమోగ్లోబిన్ ఇన్‌ఫ్రారెడ్‌ను ఎక్కువ పీల్చుకుంటుంది, ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్ ఎర్ర కాంతిని ఎక్కువ పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ వేలిలోకి కొత్త రక్తం వచ్చి, సెన్సరుకు చేరే కాంతి కొద్దిగా తగ్గి మళ్లీ పెరుగుతుంది. ఆ హెచ్చుతగ్గుల్ని మాత్రమే తీసుకుంటే, కదలకుండా ఉండే చర్మాన్నీ ఎముకనూ కొవ్వునూ లెక్కలోంచి తీసేయవచ్చని జపాన్‌లోని నిహాన్ కోడెన్ సంస్థ ఇంజినీరు తకువో అవోయాగి 1974లో చూపించారు. సూది గుచ్చకుండా ఆక్సిజన్ తెలుసుకునే దారి అలా తెరుచుకుంది. మత్తుమందు ఇచ్చే గదుల్లో అది నిలబెట్టిన ప్రాణాలు లెక్కలేనన్ని.

కాగితం మీద చూస్తే చర్మపు రంగు కూడా ఇదే పద్ధతిలో లెక్కలోంచి పోవాలి. ఆచరణలో పూర్తిగా పోదు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఇన్‌ఫ్రారెడ్ కంటే ఎర్ర కాంతిని ఎక్కువ మింగుతుంది. ఎల్‌ఈడీ వెలుగు కచ్చితంగా ఒకే తరంగదైర్ఘ్యంలో ఉండదు, కొంత వెడల్పున్న పట్టీగా వస్తుంది. ఆ పట్టీలో ఏ భాగం లోపలిదాకా వెళ్తుందన్నది పైనున్న చర్మాన్ని బట్టి మారుతుంది. సెన్సరుకు చేరే సంకేతం కూడా బలహీనపడుతుంది. రక్తప్రసరణ బాగున్న ఆరోగ్యవంతుడి వేలి మీద ఇవన్నీ కలిసినా తేడా పెద్దగా కనిపించదు. రక్తప్రసరణ పడిపోయి షాక్‌లో ఉన్న మనిషి చల్లటి వేలి మీద కనిపిస్తుంది.

ఇంకా ముఖ్యమైన సంగతి, ఈ పరికరం నేరుగా కొలిచేది ఆక్సిజన్‌ను కాదు, రెండు కాంతుల నిష్పత్తిని. ఆ నిష్పత్తి 1 అయితే దాదాపు 85 శాతం, అంతకు తగ్గేకొద్దీ శాతం ఎక్కువ అని చెప్పే పట్టిక ఒకటి దాని మెమరీలో ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న వలంటీర్లకు ఆక్సిజన్ తగ్గించిన గాలి పీల్పించి, శాచురేషన్‌ను మెల్లగా 70 శాతం దాకా దించి, అడుగడుగునా ధమని రక్తంతో సరిపోల్చి ఆ పట్టిక తయారుచేస్తారు. 70కి దిగువన ఉన్నది అంచనా. అంటే ఆ గదిలో పడుకోబెట్టిన వలంటీర్లు ఎవరన్నదాన్ని బట్టే మీ చేతిలోని పరికరం చెప్పే జవాబు తయారైంది.

ఎవరు వాళ్లు? అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పరీక్షకు కనీసం 10 మంది చాలు, 200 కొలతలు కావాలి. అందులో ముదురు చర్మం ఉన్నవాళ్లు కనీసం ఇద్దరు, లేదా మొత్తంలో 15 శాతం, ఏది ఎక్కువైతే అది. ఇద్దరు మనుషులు! ఆ ఇద్దరి చర్మం ఎంత నలుపో చెప్పే కొలబద్ద కూడా సరిగా లేదు. పరికరం చేసే తప్పును అందరి మీదా కలిపి ఒకే సగటు అంకెగా ప్రకటిస్తారు. స్పెసిఫికేషన్ కాగితంలో "ఏ-ఆర్ఎంఎస్" అని ఉండేది అదే. వేలికి పెట్టే రకానికి అది 3 శాతం లోపు ఉండాలని ఎఫ్‌డీఏ, 4 శాతం లోపు ఉండాలని అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 80601-2-61 అంటాయి. 3 శాతం అంటే, కొలతల్లో దాదాపు మూడింట రెండు వంతులు అసలు విలువకు మూడు అంకెలు అటూ ఇటూ పడతాయని. తెర మీద 92 కనిపిస్తే అసలు 89 కావచ్చు, 95 కావచ్చు, మూడింట ఒక వంతు సార్లు ఆ హద్దులు కూడా దాటవచ్చు. ఎనిమిది మంది తెల్లవాళ్ల మీద బాగా వచ్చి, ఇద్దరు నల్లవాళ్ల మీద తప్పు వచ్చినా సగటు పాస్ అవుతుంది.

ఈ లోపం నిన్న మొన్న బయటపడింది కాదు. వెంటిలేటరు మీద ఉన్న నల్లజాతి రోగులకు 92 శాతం లక్ష్యం సరిపోదని, 95 కావాలని 1990లోనే ఒక అమెరికన్ అధ్యయనం చెప్పింది. ముదురు చర్మం మీద శాచురేషన్ పడిపోయేకొద్దీ పరికరం ఎక్కువ చూపిస్తోందని శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రయోగశాల 2005లో, మళ్లీ 2007లో కొలిచి చూపించింది. పదిహేనేళ్లు ఎవరూ కదల్లేదు. 2020 ఆగస్టులో ఎంఐటీ మానవశాస్త్రవేత్త ఏమీ మోరన్-థామస్ ఈ పరికరంలోని జాతి పక్షపాతం గురించి ఒక వ్యాసం రాశారు. అది చదివిన మిచిగన్ విశ్వవిద్యాలయం వైద్యులు తమ ఆసుపత్రి రికార్డులు తిరగేశారు. ఆక్సీమీటరు 92 నుంచి 96 చూపిస్తుండగా ధమని రక్తంలో అసలు విలువ 88కి దిగువన ఉన్న సందర్భాలు తెల్లవాళ్ల కొలతల్లో 3.6 శాతం, నల్లవాళ్ల కొలతల్లో 11.7 శాతం. మూడు రెట్లు. ఆ ఫలితం 2020 డిసెంబరులో వెలువడింది. 2022లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు కోవిడ్ రోగుల లెక్క తీస్తే, తెల్లవాళ్లతో పోల్చినప్పుడు ఆసియన్లలో సగటున 1.7, నల్లవాళ్లలో 1.2, హిస్పానిక్ రోగుల్లో 1.1 శాతం ఎక్కువ చూపించింది. ఫలితంగా చికిత్సకు అర్హత గుర్తించడం కూడా ఆలస్యమైంది. మన వాళ్లు లెక్కకు వచ్చే గడి ఆ "ఆసియన్" గడే. అయితే అందులో టోక్యో నుంచి వచ్చినవారూ, తూర్పు గోదావరి నుంచి వెళ్లినవారూ కలిసే ఉంటారు కాబట్టి, చామనచాయ మీద ఎంత, కారునలుపు మీద ఎంత అనేది ఆ అంకె చెప్పదు.

ఈ కథలో కోపం తెప్పించే భాగం ఇంకొకటి ఉంది. 1970ల్లో హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ చెవికి పెట్టే ఆక్సీమీటరు ఒకటి చేసింది. రెండు కాదు, ఎనిమిది తరంగదైర్ఘ్యాలు వాడేది. చర్మపు రంగును లెక్కలోకి తీసుకోవాలన్న ఆలోచన దాని తయారీలోనే ఉంది, నల్లజాతి వలంటీర్ల మీద పరీక్షించారు కూడా. పెద్దది, ఖరీదైనది. తర్వాత వచ్చిన చవకైన రెండు కాంతుల క్లిప్పు దాన్ని మార్కెట్ నుంచి తోసేసింది. అంటే, ఇది చేతకాక జరిగింది కాదు.

స్పైరోమీటరును పక్కన పెట్టి చూస్తే బొమ్మ పూర్తవుతుంది. ఊపిరితిత్తుల బలం కొలిచే ఆ పరికరంతో 19వ శతాబ్దంలో అమెరికా తోటల్లోని బానిసల మీద కొలతలు తీసి, నల్లవాళ్ల ఊపిరి సహజంగానే తక్కువని శామ్యూల్ కార్ట్‌రైట్ అనే తోటల వైద్యుడు తేల్చేశాడు. ఆ "జాతి సవరణ" చాలాకాలం పరికరాల సాఫ్ట్‌వేరులో ఉండిపోయింది. మనలాంటివాళ్లకూ తక్కువ ఊపిరే మామూలని లెక్కగట్టింది. జాతితో సంబంధం లేని లెక్క వాడమని అమెరికన్ థొరాసిక్ సొసైటీ చెప్పింది 2023లో. స్పైరోమీటరు దగ్గర లేని తేడాను పుట్టించారు, ఆక్సీమీటరు దగ్గర ఉన్న తేడాను పట్టించుకోలేదు. రెండు చోట్లా తెల్లటి మగ శరీరమే "మామూలు" శరీరం.

వలసవాదానంతర స్త్రీవాదం నర్సింగ్‌కు పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. కెనడాలో, బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం నర్సింగ్ ఆచార్యురాలు జోన్ ఆండర్సన్, ఆమెతో పనిచేసినవారు 2000 తర్వాత ఈ దృక్పథాన్ని నర్సింగ్ పరిశోధనలోకి తెచ్చారు. జాతి, స్త్రీపురుష భేదం, డబ్బు, వలస చరిత్ర అన్నవి విడివిడిగా కూడుకునే అంశాలు కావని, ఒకే మనిషి ఒంటి మీద ఒకేసారి పనిచేస్తాయని వాళ్ల వాదన. ఏ శరీరాన్ని మామూలు అని ఎవరు ఎప్పుడు నిర్ణయించారో అడగాలని, అంచున నెట్టివేయబడిన స్త్రీల బతుకు నుంచి ప్రశ్న మొదలవ్వాలని అంటారు. అంతకుముందే న్యూజీలాండ్‌లో మావోరి నర్సు ఇరిహాపెటి రామ్స్‌డెన్, అందిన సంరక్షణ భద్రంగా ఉందో లేదో తేల్చాల్సింది దాన్ని పొందిన మనిషేనన్నారు. అక్కడి నర్సింగ్ కౌన్సిల్ 1992లో ఆ సూత్రాన్ని నర్సుల శిక్షణలో చేర్చింది. దీన్ని వార్డు భాషలోకి దించితే ఇంతే: రోగి తనకు ఆయాసంగా ఉందంటోంది, పరికరం 96 అంటోంది. ఆ రెండు సాక్ష్యాల్లో ముందు దేన్ని తనిఖీ చేయాలి? చాలాచోట్ల ఆమెనే అనుమానిస్తారు.

జాతి ఒక్కటే చూస్తే కథ సగమే తెలుస్తుంది. ఇక మన ఊరి సంగతికొద్దాం.

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఆక్సీమీటరు చెప్పేది ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండిందని మాత్రమే. అసలు హిమోగ్లోబిన్ ఎంతుందో దానికి తెలియదు. లెక్క వేసి చూడండి. ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. హిమోగ్లోబిన్ 15 గ్రాములున్న మగవాడి శాచురేషన్ 97 అయితే ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తంలో దాదాపు 19.5 మిల్లీలీటర్ల ఆక్సిజన్. హిమోగ్లోబిన్ 7 ఉన్న గర్భిణి వేలి మీద కూడా అదే 97 కనిపిస్తుంది, రక్తంలో ఉన్నది మాత్రం 9.1. తెర మీద ఒకే అంకె, ఒంట్లో సగం కంటే తక్కువ ఆక్సిజన్. ఆక్సిజన్ తగ్గినప్పుడు కంటికి కనిపించే నీలిరంగు కూడా ఈమెను ఆదుకోదు. పెదవులు, నాలుక నీలంగా మారాలంటే కేశనాళికల్లో ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ దాదాపు 5 గ్రాములు పోగుపడాలి. ఉన్నదే 7 అయితే ఆ నీలం కనపడేసరికి సమయం మించిపోతుంది. నల్లటి చర్మం, రక్తహీనత, ఎక్కువ చూపించే పరికరం, మూడూ ఒకే స్త్రీలో కలిస్తే నర్సు చదువుకున్న హెచ్చరికలన్నీ ఒకేసారి మూగబోతాయి.

కాన్పు గదిలో ఇది ఇంకా పదునుగా కనిపిస్తుంది. కాన్పు తర్వాత రక్తం పోతున్నా శాచురేషన్ 98 చూపిస్తూనే ఉండవచ్చు, ఎందుకంటే మిగిలిన రక్తం నిండుగానే ఆక్సిజన్ తీసుకుంటోంది. అక్కడ చూడాల్సింది నాడి, బీపీ, తడిసిన ప్యాడ్లు. నాడి సంఖ్యను పై బీపీతో భాగిస్తే 0.9 లేదా అంతకంటే ఎక్కువ వస్తే అది ప్రమాద సంకేతం. నాడి 110, పై బీపీ 100 ఉంటే 1.1 వచ్చినట్టు. వెంటనే పెద్దాసుపత్రికి పంపే ఏర్పాటు మొదలుపెట్టాలి. "శాట్స్ (శాచురేషన్) బాగున్నాయి" అని ఫోనులో చెప్పి ఊరుకోవడం ఈ పరికరాన్ని దుర్వినియోగం చేయడమే.

గోరింటాకు సంగతి మన దగ్గర తప్పక తెలియాలి. ఆషాఢంలో, పెళ్లిళ్లలో, సీమంతానికి వేళ్ల చివర్లకు టోపీల్లా దట్టంగా పెట్టుకుంటారు, పరికరం కాంతి వెళ్లాల్సిందీ సరిగ్గా అక్కడినుంచే. రుబ్బిన ఆకు ఎర్రగా పండితే కొలతకు పెద్దగా అడ్డురాదు. నల్ల మెహందీ మాత్రం సంకేతాన్ని మింగేస్తుంది, అంకె రాకపోవచ్చు, వచ్చినా నమ్మరాదు. ముదురు నీలం, నలుపు, గోధుమ రంగు గోళ్ల పాలిష్, అంటించుకున్న కృత్రిమ గోళ్లు కూడా ఇంతే. పాలిష్ తుడవండి. మెహందీ అయితే రంగు లేని వేలు, లేదంటే కాలి వేలు చూడండి. ఆసుపత్రిలో చెవి తమ్మెకు పెట్టే ప్రోబు ఉంటే అది వాడండి. వేలి క్లిప్పును చెవికి తగిలిస్తే అంకె వస్తుంది గానీ దానికి విలువ లేదు.

సన్నటి వేళ్లున్న ఆడవాళ్లకు, పిల్లలకు క్లిప్పు వదులుగా కూర్చుంటుంది. కాంతి కొంత రక్తం గుండా పోకుండా పక్కనుంచి జారి సెన్సరుకు చేరుతుంది. అలాంటప్పుడు అంకె 85 వైపు లాగుతుంది. అసలు 97 ఉన్నా తక్కువ చూపవచ్చు, అసలు 75 ఉన్నా ఎక్కువ చూపవచ్చు. పెద్దల క్లిప్పు పసిపిల్లలకు పనికిరాదు. నవజాత శిశువులకు చుట్టే ప్రోబు వేరు.

కట్టెల పొయ్యి పొగలో, తలుపులు మూసిన బాత్‌రూములో గ్యాస్ గీజరు దగ్గర కార్బన్ మోనాక్సైడ్ పీల్చిన మనిషి వేలి మీద ఈ పరికరం చెప్పేది పచ్చి అబద్ధం. కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ పట్టుకున్నదిగానే లెక్కిస్తుంది. స్పృహ తప్పినవాళ్ల వేలి మీద 99 కనిపించినా ఆక్సిజన్ పెట్టి తీసుకెళ్లాల్సిందే. కుష్ఠు చికిత్సలో వాడే డాప్సోన్ వల్ల, ఆక్సిజన్ మోయలేని మెథ్‌హిమోగ్లోబిన్ పెరిగితే అంకె మళ్లీ 85 దగ్గరే తచ్చాడుతుంది, ఆక్సిజన్ ఇచ్చినా కదలదు. ఇక పాడేరు, ఉట్నూరు లాంటి ఏజెన్సీ ప్రాంతాల్లో పనిచేసేవాళ్లు ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బును గుర్తుపెట్టుకోవాలి. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ గురిపెట్టిందీ ఇలాంటి గిరిజన ప్రాంతాలపైనే. ఆ జబ్బున్నవాళ్లలో ఆక్సీమీటరు అంకెకు, ధమని రక్తపరీక్ష అంకెకు తేడా రావడం సాధారణం. రోగి ఆరోగ్యంగా ఉన్న రోజు అంకె ఎంతో కార్డు మీద రాసిపెట్టుకుంటే, జబ్బు చేసిన రోజు పోల్చుకోవడానికి ఆధారం ఉంటుంది.

వాడే పద్ధతి మీదే సగం నాణ్యత ఆధారపడి ఉంది. మనిషిని ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. చెయ్యి చల్లగా ఉంటే రుద్ది వేడెక్కించండి. చూపుడు వేలు లేదా మధ్య వేలు, గోరు కాంతి వచ్చే వైపు, వేలి కొస లోపలి అంచుకు తగిలేదాకా. చెయ్యి గుండె ఎత్తున, ఛాతీ మీద ఆనించి, కదలకుండా. నేరుగా ఎండ, బలమైన లైటు పడుతుంటే గుడ్డ కప్పండి. బీపీ కఫ్ కట్టిన చేతికి పెట్టకండి. మొదట వెలిగిన అంకె రాయకండి, నిమిషం ఆగి నిలకడైన అంకె రాయండి. ఆ నిమిషంలోనే మీ వేళ్లతో మణికట్టు నాడి లెక్కపెట్టండి. మీ లెక్కకు, పరికరం చూపే పల్స్‌కు ఐదుకు మించి తేడా ఉంటే ఆక్సిజన్ అంకెను కూడా నమ్మక్కర్లేదు. వేలు మార్చి మళ్లీ మొదలుపెట్టండి. తర్వాత పూర్తి 60 సెకన్లు శ్వాస లెక్కపెట్టండి, 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేయడం కాదు. పెద్దవాళ్లకు 12 నుంచి 20 మామూలు, 24 దాటితే తెర మీద ఎంత ఉన్నా అది జబ్బు మనిషి శ్వాసే. రంగు చూడాల్సి వస్తే చేతి పైచర్మం, ముఖం వదిలేసి నాలుక, కింది పెదవి లోపలి భాగం, కంటి కింది రెప్ప లోపల, అరచేయి చూడండి. చర్మం ఏ రంగైనా ఇవి కనిపిస్తాయి. వీలైతే పగటి వెలుగులో చూడండి.

కేస్ షీటులో "ఎస్‌పీఓ2 95" (ఆక్సీమీటరు చూపిన శాచురేషన్) అని మాత్రమే రాస్తే తర్వాతి షిఫ్టు వాళ్లకు అందేది తక్కువ. ఏ వేలు, మామూలు గాలి మీదా లేక ఎన్ని లీటర్ల ఆక్సిజన్ మీదా, శ్వాస ఎంత, నాడి ఎంత, రోగి ఏమంటోంది అనేవి కూడా రాయాలి. ఒక్క అంకె కంటే వరస ముఖ్యం. పొద్దున 98 ఉన్న మనిషి సాయంత్రం 94కు వస్తే, ఇంకా "మామూలు" హద్దులోనే ఉన్నా, అది పడిపోవడమే.

నల్లటి చర్మం ఉన్నవాళ్ల అంకెలోంచి ఓ మూడు తీసేస్తే సరిపోదా అని అడిగేవాళ్లు ఉంటారు. సరిపోదు. తప్పు అందరిలో ఒకే మోతాదులో ఉండదు. ఒకే చాయ ఉన్న ఇద్దరిలో ఒకరికి ఏమీ ఉండదు, ఇంకొకరికి ఆరు ఉంటుంది. అదే మనిషిలో ఉదయానికీ రాత్రికీ మారుతుంది. గంపగుత్త సవరణ పెట్టడమంటే స్పైరోమీటరు తప్పును ఇంకో పరికరంలో మళ్లీ చేయడం. చేయాల్సింది వేరు: అంకె 92–96 మధ్య ఉండి, ఆయాసమో, 24 దాటిన శ్వాసో, మగతో, వరసగా తగ్గుదలో ఏదైనా ఉంటే పరికరాన్ని పక్కనపెట్టి డాక్టరును పిలవండి, ధమని రక్తపరీక్ష అడగండి. ఆ పరీక్ష లేని చోట, ఉన్నచోటికి పంపండి.

మన దేశంలో కోవిడ్ రోజుల్లో 94 అనే అంకె మీద ఎందరి బతుకులు ఆధారపడ్డాయో అందరికీ గుర్తుంది. 94, ఆపైన ఉంటే తేలిక జబ్బు, 90–93 మధ్యస్థం, 90కి దిగువన తీవ్రం. 2021 మేలో కేంద్రం గ్రామాలకు ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆక్సీమీటర్లను ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తల ద్వారా ఇళ్లకు అరువు ఇవ్వమన్నారు. ఆలోచన మంచిదే. కానీ ఆ పరికరాన్ని ఎండలో, పొలం పని నుంచి వచ్చిన నల్లటి, కాయలు కాచిన వేలికి తగిలించి, 95 వచ్చిందని రాసుకున్న ఆశాకు, ఆ 95ను ఎంత నమ్మాలో ఎవరూ చెప్పలేదు. జీతం కాకుండా ప్రోత్సాహకం మీద పనిచేసే స్త్రీ చేతికి అసంపూర్తి సమాచారంతో పరికరం ఇస్తే, తప్పు జరిగినప్పుడు నింద ఆమె మీదే పడుతుంది. శిక్షణ లోపాన్ని పనిచేసే మనిషి లోపంగా చూపడం ఆరోగ్యశాఖల్లో పాత అలవాటు. బ్యాటరీల ఖర్చు, శుభ్రం చేసే స్పిరిట్ ఖర్చు ఆమె చేతి నుంచి పోకూడదు. ఇవి ఇచ్చేటప్పుడే లెక్కలో పెట్టాలి.

మరో మాట చెప్పి తీరాలి. క్లిప్పు వచ్చాక నాడి పట్టుకోవడం తగ్గింది. దూరంగా నిలబడి వేలికి తగిలించి, అంకె చూసి వెళ్లిపోవచ్చు. ముట్టుకోవడం చుట్టూ ఇంత కుల చరిత్ర ఉన్న నేల మీద ఇది చిన్న సంగతి కాదు. ఎవరి మణికట్టును పట్టుకుంటున్నాం, ఎవరికి క్లిప్పు మాత్రమే తగిలిస్తున్నాం అన్నది వార్డులో గమనిస్తే కనిపిస్తుంది. మణికట్టు నాడి లెక్కపెట్టమని పైన చెప్పింది పరికరం తప్పును పట్టడానికే కాదు, దీనికోసం కూడా.

కొనేవాళ్లకు. పెట్టె మీద లైసెన్సు నంబరు చూడండి. 2017 వైద్య పరికరాల నియమాల ప్రకారం తయారీ లైసెన్సు లేదా దిగుమతి లైసెన్సు నంబరు, తయారీదారు చిరునామా, దిగుమతి అయితే దిగుమతిదారు చిరునామా ఉండాలి. అవి లేని పెట్టెను షాపులోనే వదిలేయండి. తెర మీద పల్స్ అలలు కనిపించే రకమే తీసుకోండి. అంకె మాత్రమే చూపే రకంలో సంకేతం బాగుందో లేదో తెలుసుకునే దారి ఉండదు. పర్ఫ్యూజన్ ఇండెక్స్ చూపిస్తే ఇంకా మేలు. అది చాలా తక్కువగా ఉంటే వేలిలో రక్తం సరిగా ఆడట్లేదని అర్థం. లోపలి రబ్బరు మెత్తగా, వేలిని గట్టిగా పట్టేలా ఉండాలి. స్పెసిఫికేషన్ కాగితంలో ఏ-ఆర్ఎంఎస్ ఎంతో, ఏ హద్దుల మధ్య పరీక్షించారో రాసి ఉండాలి. కోవిడ్ రోజుల్లో, 2021 జూలైలో, వీటి మీద వ్యాపారుల మార్జిన్‌ను 70 శాతానికి ప్రభుత్వం కట్టడి చేసింది. పెట్టె మీది ధర మరీ ఎక్కువనిపిస్తే ప్రశ్నించండి. ఫోను కెమెరాతో శాచురేషన్ చెబుతామనే యాప్‌ల జోలికి పోవద్దు, చాలా ఫోన్లలో ఆ ఇన్‌ఫ్రారెడ్ కాంతే లేదు. చేతి గడియారాల అంకె వ్యాయామానికి సరే, జబ్బుకు వద్దు.

ఆసుపత్రి కొనుగోలు కమిటీలో కూర్చునే నర్సింగ్ సూపరింటెండెంట్లు ఒక ప్రశ్న రాతపూర్వకంగా అడగాలి: పరీక్షలో ఎంతమంది పాల్గొన్నారు, ఏ చర్మపు రంగు కొలబద్ద వాడారు, ముదురు చర్మం మీద తప్పు విడిగా ఎంత? ఇప్పుడు ఈ ప్రశ్నకు బలం ఉంది. బ్రిటన్‌లో మార్గరెట్ వైట్‌హెడ్ నాయకత్వంలోని స్వతంత్ర సమీక్ష 2024 మార్చిలో వైద్య పరికరాల్లోని ఈ అసమానతను ప్రభుత్వం ముందు పెట్టింది. ఎఫ్‌డీఏ 2025 జనవరిలో కొత్త ముసాయిదా ఇచ్చింది. పది మంది స్థానంలో కనీసం 150 మంది, హార్వర్డ్ సామాజికవేత్త ఎలిస్ మాంక్ రూపొందించిన 10 ఛాయల కొలబద్ద వాడాలని అందులో ఉంది. అంతకుముందు వాడిన ఫిట్జ్‌ప్యాట్రిక్ కొలబద్ద 1975లో తెల్లటి చర్మం ఎండకు ఎలా కమిలిపోతుందో చెప్పడానికి పుట్టింది. నల్లటి చర్మాలను తర్వాత చేర్చారు. ముసాయిదా అమలయ్యేదాకా ఆగక్కర్లేదు. టెండరు షరతుల్లోనే ఈ మూడు వివరాలు అడగవచ్చు.

రేటింగ్ అడిగితే: వేలికి పెట్టే ఆక్సీమీటరుకు, అలలు చూపే రకానికి, ఐదులో మూడున్నర. వరసగా కొలతలు చూసుకోవడానికి, పడిపోవడాన్ని పట్టడానికి నాలుగున్నర. ఒక్కసారి పెట్టి "ఏమీ లేదు" అని తేల్చడానికి రెండు. పెట్టెలో ఉండే కరపత్రానికి ఒకటి. తెలుగులో, పెద్ద అక్షరాలతో, నల్లటి చర్మం మీద ఎక్కువ చూపవచ్చని, రక్తహీనతను పట్టదని, ఆయాసం ఉంటే అంకె చూసి ఆగిపోవద్దని మూడు వాక్యాలు అందులో అచ్చు వేస్తే అప్పుడు మళ్లీ మార్కులు వేయవచ్చు.